కాలయంత్రమూ కోటగోడలూ: తెలుగు వైజ్ఞానిక కల్పన చరిత్ర

పాఠ్య లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
1. వైజ్ఞానిక కల్పనకూ, జానపద కథకూ, పౌరాణిక గాథకూ గల తేడాను వివరించగలుగుతారు.
2. ప్రపంచ, భారతీయ, తెలుగు సాహిత్యాల్లో ఈ ప్రక్రియ ఎదిగిన తీరును కాలక్రమంలో చెప్పగలుగుతారు.
3. ఈ ప్రక్రియలో మళ్లీ మళ్లీ కనిపించే ఇతివృత్తాలను గుర్తించగలుగుతారు.
4. గతాన్ని గురించిన కల్పనను చారిత్రక ఆధారాలతో పోల్చి పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా పడమటికి ప్రయాణం చేసేవారికి పెన్నా డెల్టా పచ్చదనం వెనకబడి మెట్టభూములు మొదలవుతాయి. ఇంకా ముందుకు పోతే ఉదయగిరి కొండ కనిపిస్తుంది. సముద్ర మట్టానికి సుమారు 3 వేల అడుగుల ఎత్తున్న ఆ కొండ మీద శిథిలమైన కోటగోడలు, దేవాలయాలు, మసీదు నేటికీ ఉన్నాయి. చరిత్ర విద్యార్థికి ఇది విజయనగర, గజపతి రాజ్యాలు పోరాడుకున్న చోటు. వైజ్ఞానిక కల్పన గురించి చదివే విద్యార్థికి కూడా ఈ ఊరితో పని ఉంది. తెలుగులో కాలయంత్రం కథను ఇంటింటికీ చేర్చిన ‘ఆదిత్య 369’ చిత్ర దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు 1931 సెప్టెంబరు 21న ఉదయగిరిలోనే జన్మించారు.

ఆ సినిమాలో కాలయంత్రం శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళుతుంది. ఆ కృష్ణదేవరాయలే ఉదయగిరి కోటను ముట్టడించి గెలిచాడు. ఈ సంబంధం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా దీన్ని ఆధారం చేసుకుని ఒక ముఖ్యమైన ప్రశ్న అడగవచ్చు: మనం కాలంలో ప్రయాణించగలిగితే ఎక్కడ దిగాలని కోరుకుంటాం? ఎవరి సభలో దిగుతాం, ఎవరి గుడిసె ముందు దిగం? వైజ్ఞానిక కల్పన చరిత్రను ఈ ప్రశ్న వెలుగులో పరిశీలించడం ఈ పాఠం ఉద్దేశం.

2. వైజ్ఞానిక కల్పన అంటే ఏమిటి?

‘సైన్స్ ఫిక్షన్’ అనే మాటకు తెలుగులో వైజ్ఞానిక కల్పన, విజ్ఞాన కాల్పనిక సాహిత్యం అనే పేర్లు వాడుకలో ఉన్నాయి. అద్భుతం ఉన్న ప్రతి కథా ఈ కోవలోకి రాదు. మూడు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది పంచతంత్రం. 15వ శతాబ్దంలో దూబగుంట నారాయణకవి దీన్ని తెలుగు పద్యకావ్యంగా రచించి ఉదయగిరి బసవరాజుకు అంకితమిచ్చాడు. ఇందులో సింహం, ఎద్దు, నక్కలు మాట్లాడతాయి. అవి ఎలా మాట్లాడగలిగాయని పాఠకుడు అడగడు, కవి చెప్పడు. అది నీతికథ నియమం.

రెండవది భాగవతం నవమ స్కంధంలోని రైవతుని కథ. కకుద్మి అనే పేరు కూడా ఉన్న ఈ రాజు తన కుమార్తె రేవతికి తగిన వరుడెవరో అడగడానికి బ్రహ్మలోకానికి వెళతాడు. అక్కడ కొద్దిసేపు వేచి ఉండి తిరిగి వచ్చేసరికి భూలోకంలో యుగాలు గడిచిపోయి ఉంటాయి. చోటును బట్టి కాలం నడక మారుతుందనే ఊహ ఇందులో ఉంది. ఆ ఊహ గొప్పదే. అయితే ఆ మార్పునకు కారణం దైవలోక మహిమ. అక్కడ కారణాన్ని పరీక్షించే అవకాశం లేదు. కాబట్టి దీన్ని సాపేక్ష సిద్ధాంతానికి ముందస్తు రూపంగా చెప్పడం అటు పురాణానికీ, ఇటు భౌతికశాస్త్రానికీ న్యాయం చేయదు.

మూడవది 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చిత్రంలోని ప్రియదర్శిని పేటిక. మూత తెరిస్తే ఎవరికి ప్రియమైనది వారికి అందులో కనిపిస్తుంది. నేటి వీడియో కాల్ చూసినవారికి అది వెంటనే గుర్తుకు వస్తుంది. అయినా అది మాయావస్తువే. అదే పేటికలో తీగలు ఎలా ఉన్నాయి, పాడైతే ఎవరు బాగుచేస్తారు, అది కొందరికే దొరికితే సమాజంలో ఏం జరుగుతుంది అని కథ ఆలోచించడం మొదలుపెడితే, అప్పుడు మనం వైజ్ఞానిక కల్పన గడపలో అడుగుపెట్టినట్టు.

విమర్శకుడు డార్కో సువిన్ 1979లో ప్రచురించిన గ్రంథంలో ఈ ప్రక్రియకు రెండు లక్షణాలు చెప్పాడు. ఒకటి అపరిచితీకరణ, అంటే తెలిసిన లోకాన్ని తెలియనిదిగా చూపడం. రెండవది జ్ఞానాత్మకత, అంటే ఆ కొత్త లోకాన్ని కార్యకారణ సంబంధంతో, తర్కంతో నిలబెట్టడం. జానపద కథలో మొదటిది ఉంటుంది, రెండవది ఉండదు. వాస్తవిక నవలలో తర్కం ఉంటుంది, వింతలోకం ఉండదు. రెండూ కలిసిన చోట వైజ్ఞానిక కల్పన ఉంటుంది. ఈ గీత అన్నిచోట్లా స్పష్టంగా ఉండదు. అయినా చదివేటప్పుడు చేతిలో ఉంచుకోదగిన కొలబద్ద ఇది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
అ) ప్రియదర్శిని పేటిక వైజ్ఞానిక కల్పన ఎందుకు కాదు?
ఆ) సువిన్ చెప్పిన రెండు లక్షణాలు ఏవి?

3. ప్రపంచంలోనూ, భారతదేశంలోనూ తొలి అడుగులు

బ్రియన్ ఆల్డిస్ అనే రచయిత, విమర్శకుడు 1973లో రాసిన చరిత్రలో మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవలను ఈ ప్రక్రియకు మొదటి రచనగా నిలిపాడు. శవాల భాగాలకు ప్రాణం పోసినవాడు అందులో మంత్రగాడు కాదు, విద్యార్థి. తాను సృష్టించిన ప్రాణికి తాను బాధ్యుడా కాదా అన్నదే కథలోని అసలు సమస్య. నేటి కృత్రిమ మేధ చర్చల్లోనూ ఇదే ప్రశ్న వినిపిస్తుంది.

ఫ్రాన్సుకు చెందిన జూల్స్ వెర్న్, ఇంగ్లండుకు చెందిన హెచ్.జి. వెల్స్ 19వ శతాబ్దంలో రెండు దారులు వేశారు. వెర్న్ తనకు తెలిసిన భౌతికశాస్త్రాన్ని కొద్దిగా ముందుకు జరిపి జలాంతర్గామిలో, ఫిరంగి గుండులో మనుషులను ప్రయాణం చేయించాడు. వెల్స్‌కు యంత్రం ఒక సాకు మాత్రమే. 1895లో వచ్చిన ‘ద టైమ్ మెషీన్’లో ఆయన కథానాయకుడు 8 లక్షల సంవత్సరాల తరువాతి లోకానికి వెళతాడు. అక్కడ మానవజాతి రెండుగా చీలిపోయి ఉంటుంది. నేల మీద ఏ పనీ చేతకాని సుకుమారులు, నేల కింద యంత్రాలు నడిపే చీకటి జీవులు. ఇంగ్లండులో యజమానులకూ కార్మికులకూ మధ్య ఉన్న అగాధాన్ని లక్షల సంవత్సరాలు సాగదీసి ఆయన చూపించాడు. భవిష్యత్తు పేరుతో వర్తమానాన్ని విచారించడం ఈ ప్రక్రియకు వెల్స్ ఇచ్చిన వారసత్వం.

1926లో అమెరికాలో హ్యూగో గెర్న్స్‌బాక్ ‘అమేజింగ్ స్టోరీస్’ పత్రికను ప్రారంభించడంతో ఈ కథలకు ప్రత్యేక పాఠకవర్గం ఏర్పడింది. దానికి కొంచెం ముందే చెక్ రచయిత కారెల్ చాపెక్ తన నాటకం ద్వారా ‘రోబో’ అనే మాటను లోకానికి ఇచ్చాడు. ఆ మాటకు మూలం వెట్టిచాకిరీ అనే అర్థమిచ్చే చెక్ పదం. ఐజాక్ అసిమోవ్ 1942 నాటి కథలో రోబోలు పాటించవలసిన మూడు సూత్రాలను స్పష్టంగా రాశాడు.

భారతదేశం ఈ విషయంలో ఆలస్యంగా మేల్కొనలేదు. శాస్త్రవేత్త జగదీశ్ చంద్ర బోస్ 1896లోనే బెంగాలీలో ఒక కథ రాశాడు. అందులో తలనూనె సీసాతో తుపాను శాంతిస్తుంది. ద్రవాల తలతన్యత అనే సూత్రం ఆ హాస్యానికి ఆధారం. 1905లో రుకియా సఖావత్ హుసేన్ ఇంగ్లీషులో రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’లో స్త్రీలు సౌరశక్తిని ఉపయోగించి దేశాన్ని పాలిస్తారు, పురుషులు పరదాలో ఉంటారు. 1924లో రాహుల్ సాంకృత్యాయన్ హిందీలో 22వ శతాబ్దపు ఆదర్శ సమాజాన్ని ఊహించాడు. తరువాతి కాలంలో బెంగాలీలో సత్యజిత్ రాయ్ ప్రొఫెసర్ శంకు పాత్రను సృష్టించాడు. మరాఠీలో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్, తమిళంలో ఇంజనీరైన సుజాత ఈ ప్రక్రియకు విస్తృతమైన పాఠకులను తెచ్చిపెట్టారు. వీరిలో పలువురు స్వయంగా శాస్త్ర సాంకేతిక రంగాల్లో పనిచేసినవారు కావడం గమనించదగినది.

4. తెలుగులో ప్రక్రియ వికాసం

తెలుగులో ఈ ధోరణికి తొలి గుర్తుగా 20వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో టేకుమళ్ల రాజగోపాలరావు రాసిన ‘విహంగ యానం’ నవలను పేర్కొంటారు. నవలా ప్రక్రియే తెలుగులో ఇంకా పసిదశలో ఉన్న రోజులవి. ఆకాశయానపు కోరిక దాని పేరులోనే ఉంది.

ఆ తరువాత ఈ ప్రక్రియను బతికించినవి ప్రధానంగా పత్రికలు. 1947లో మొదలైన ‘చందమామ’ పిల్లలకు అద్భుతాన్ని అలవాటు చేసింది. దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’తో మొదలుపెట్టి రాసిన ధారావాహికలు రెండు మూడు తరాలను కట్టిపడేశాయి. అవి మాంత్రికుల కథలు, విజ్ఞాన కథలు కావు. అయితే తెలియని దీవిలో, పాతాళ దుర్గంలో తర్వాత ఏం జరుగుతుందోనని ఎదురుచూసే పాఠకుణ్ణి తయారుచేసినవి అవే. అదే పత్రికను దశాబ్దాల పాటు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు మధ్యతరగతి జీవితాన్ని హేతుదృష్టితో విశ్లేషించిన రచయిత. ఆయన సైన్సు వ్యాసాలు విరివిగా రాశారు, ‘గ్రహశకలం’ అనే కల్పనా రాశారు. ఒకే వ్యక్తి ఒక చేత్తో రాక్షసుల కథలు దిద్దుతూ, రెండో చేత్తో శాస్త్రీయ దృష్టిని ప్రచారం చేయడంలో వైరుధ్యం లేదు. రెండింటి మధ్య గీత ఎక్కడుందో ఆయనకు స్పష్టంగా తెలుసు.

ఈ చరిత్రలో పాపులర్ సైన్స్ రచయితల పాత్రను విడిగా చెప్పాలి. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసిన మహీధర నళినీమోహన్, అణుశాస్త్ర రంగంలో పనిచేసిన కొడవటిగంటి రోహిణీప్రసాద్, అమెరికాలో ఆచార్యుడుగా పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావు సైన్సును తేట తెలుగులో చెప్పవచ్చని నిరూపించారు. వేమూరి వ్యాసాలతోపాటు వైజ్ఞానిక కథలూ రాశారు, శాస్త్ర పదాలకు తెలుగు మాటలు వెతికి నిఘంటువు కూర్చారు. పదజాలం లేనిదే కల్పన నిలవదు. కాంతి సంవత్సరం, గురుత్వాకర్షణ, జన్యువు వంటి మాటలు పాఠకుడికి పరిచయమైన తరువాతే వాటి మీద కథ అల్లడం సాధ్యమవుతుంది.

1970, 80 దశకాలు వారపత్రికల ధారావాహికల యుగం. యండమూరి వీరేంద్రనాథ్ ‘చీకట్లో సూర్యుడు’, ‘యుగాంతం’ నవలల ద్వారా అంతరిక్షమూ, భూమి అంతమూ అనే ఇతివృత్తాలను లక్షలాది పాఠకుల వద్దకు తీసుకువెళ్లారు. ‘యుగాంతం’లో ప్రళయం ఒక నేపథ్యం మాత్రమే. చావు తప్పదని తెలిసినప్పుడు మనుషులు ఎలా ప్రవర్తిస్తారన్నది అందులోని అసలు ఆసక్తి. ఇటీవలి కాలంలో వైద్యుడైన చిత్తర్వు మధు కుజగ్రహం నేపథ్యంగా నవలలు రాశారు.

5. విమర్శకుల ధోరణి

ఇంత చరిత్ర ఉన్నా తెలుగు విమర్శలో ఈ ప్రక్రియకు దక్కిన చోటు స్వల్పం. ఇందుకు మూడు కారణాలు చెప్పవచ్చు.

మొదటిది, దీన్ని పిల్లల సాహిత్యంగా భావించడం. గ్రహాంతరవాసి కనిపించగానే కథ బాలల శీర్షికకు వెళ్లిపోయేది. రెండవది, 1980 దశకంలో నడిచిన క్షుద్ర సాహిత్య చర్చ. చేతబడి, మంత్రతంత్రాల నవలలను అభ్యుదయ, హేతువాద విమర్శకులు తీవ్రంగా ఖండించారు. ఆ ఖండన అవసరమైనదే. అయితే వ్యాపార నవల అనే ఒకే గంపలో మంత్రాల కథనూ, విజ్ఞాన కథనూ కలిపి వేయడం వల్ల రెండవదానికి వేరు పరిశీలన దొరకలేదు. మూడవది, తెలుగు విమర్శకు వాస్తవికత పట్ల ఉన్న గౌరవం. కథ బడుగు జీవితాన్ని చిత్రించాలి, సమాజాన్ని ప్రశ్నించాలి అన్న ప్రమాణం మనకు బలంగా ఉంది. వైజ్ఞానిక కల్పన కూడా ఆ పని చేయగలదని వెల్స్, రుకియా, చాపెక్ రచనలు చూపుతున్నాయి. కాబట్టి ప్రమాణాన్ని మార్చవలసిన పని లేదు. దాన్ని ఈ ప్రక్రియకూ వర్తింపజేస్తే చాలు. కింది భాగాల్లో మనం చేయబోయేది అదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
అ) పాపులర్ సైన్స్ రచన వైజ్ఞానిక కల్పనకు ఎలా తోడ్పడింది?
ఆ) క్షుద్ర సాహిత్య చర్చ ఈ ప్రక్రియపై ఏ ప్రభావం చూపింది?

6. ‘ఆదిత్య 369’: ఉదయగిరి బిడ్డ నడిపిన కాలయంత్రం

సింగీతం శ్రీనివాసరావు దర్శకుడు కె.వి. రెడ్డి వద్ద శిష్యరికం చేశారు. ‘మాయాబజార్’కు సహాయ దర్శకులలో ఆయన ఒకరు. అంటే ప్రియదర్శిని పేటికను దగ్గరగా చూసిన వ్యక్తే ముప్ఫై ఏళ్లు దాటిన తరువాత కాలయంత్రాన్ని తెర మీదకు తెచ్చారు. మాయ నుంచి యంత్రానికి తెలుగు కల్పన చేసిన ప్రయాణం ఒకే కళాకారుడి జీవితంలో కనిపిస్తుంది.

1991 జూలై 18న విడుదలైన ఈ చిత్రానికి వెల్స్ నవల ప్రేరణ. మాటలు జంధ్యాల, సంగీతం ఇళయరాజా. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం చిత్ర సమర్పకులు. కథలో ఒక మ్యూజియం నుంచి రాయల కాలపు వజ్రాన్ని దొంగిలించే ప్రయత్నం జరుగుతుంది. ప్రొఫెసర్ రామదాసు తయారుచేసిన యంత్రంలో కృష్ణకుమార్, హేమ ముందుగా 1526వ సంవత్సరపు విజయనగరానికి, ఆ తరువాత 2504వ సంవత్సరానికి వెళతారు. నందమూరి బాలకృష్ణ కృష్ణకుమార్‌గానూ, కృష్ణదేవరాయలుగానూ నటించారు.

వెల్స్ కథకూ దీనికీ ఉన్న ముఖ్యమైన భేదం ఇక్కడే ఉంది. వెల్స్ యాత్రికుడు భవిష్యత్తుకే వెళతాడు. మన యాత్రికులు మొదట గతానికి వెళతారు. తెలుగు ప్రేక్షకులకు సినిమాలో ఎక్కువగా గుర్తుండిపోయినదీ ఆ విజయనగర ఘట్టమే. భువనవిజయం, తెనాలి రామకృష్ణుడు, రాజనర్తకి, వజ్రవైఢూర్యాలు అందులో ఉన్నాయి. రామకృష్ణుడు రాయల ఆస్థానంలోనే ఉన్నాడా లేదా అన్న విషయంలో సాహిత్య చరిత్రకారుల్లో భేదాభిప్రాయం ఉంది. సినిమా మాత్రం జనం మనసులో ఉన్న విజయనగరాన్ని ఎంచుకుంది.

ఈ మొగ్గు ఒక్క సినిమాకు పరిమితం కాదు. 2022లో వచ్చిన ‘బింబిసార’లో ప్రాచీన రాజు మాయాదర్పణం ద్వారా నేటి కాలానికి వస్తాడు. అదే ఏడాది ‘ఒకే ఒక జీవితం’లో కథానాయకుడు మరణించిన తల్లిని కాపాడుకోవడానికి బాల్యంలోకి వెళతాడు. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏ.డి.’ భవిష్యత్తును చూపుతూనే మహాభారతం నుంచి మొదలవుతుంది. తెలుగు వైజ్ఞానిక కల్పనలో, ముఖ్యంగా సినిమాలో, కొత్త గ్రహాల కంటే పోయిన కాలం మీదనే ఆకర్షణ ఎక్కువ. పోయిన రాజ్యం, పోయిన తల్లి, పోయిన ధర్మం: వీటిని తిరిగి చూడాలన్న కోరికే మన కాలయంత్రానికి ఇంధనం.

7. యంత్రం 1513లో ఉదయగిరి దగ్గర ఆగితే?

ఇప్పుడు చరిత్ర విద్యార్థిగా ఒక చిన్న ప్రయోగం చేద్దాం. ఆ యంత్రాన్ని 13 సంవత్సరాలు వెనక్కి, విజయనగర సభ నుంచి దర్శకుడి జన్మస్థలానికి మళ్లిద్దాం.

అప్పటికి ఉదయగిరి కళింగ గజపతుల చేతిలో ఉంది. 1509లో సింహాసనమెక్కిన కృష్ణదేవరాయలు గజపతి ప్రతాపరుద్రునిపై యుద్ధాన్ని ఈ కోటతోనే ప్రారంభించాడు. 1530 దశకంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ ఈ ముట్టడి గురించి రాశాడు. దానిని రాబర్ట్ సీవెల్ 1900లో ఇంగ్లీషులో ప్రచురించాడు. నూనిజ్ లెక్క ప్రకారం రాయల వెంట 34 వేల కాల్బలం, 800 ఏనుగులు ఉన్నాయి. కోటలో 10 వేల కాల్బలం, 400 గుర్రాలు ఉన్నాయి. కోట ఎంత దుర్భేద్యమంటే లోపలివారిని ఆకలితో మాడ్చడం తప్ప దాన్ని గెలిచే దారి లేదని ఆయన అంటాడు. ముట్టడి ఏడాదిన్నర సాగింది. కోట బురుజులకు సైన్యం చేరుకోవడానికి కొండల మీద పెద్ద పెద్ద బండలు పగలగొట్టి దారులు వేశారు.

1514లో కోట లొంగింది. అక్కడ పట్టుబడినవారిలో గజపతి బంధువు తిరుమల రౌతరాయ మహాపాత్రుడు ఉన్నట్టు శాసనాలు చెబుతాయి. నూనిజ్ మాత్రం గజపతి బంధువైన ఒక స్త్రీ పట్టుబడిందని రాశాడు. ఆధారాలు ఒకదానితో ఒకటి పూర్తిగా ఏకీభవించవని, వాటిని పోల్చి చూడాలని ఇక్కడ మీరు గుర్తించాలి. విజయానంతరం 1514 జూలైలో రాయలు తిరుమల దర్శించి కానుకలు సమర్పించాడు. ఉదయగిరి నుంచి తెచ్చిన బాలకృష్ణ విగ్రహాన్ని రాజధానిలో కొత్తగా కట్టించిన కృష్ణాలయంలో ప్రతిష్ఠించాడు. 1515 నాటి శాసనం ఈ విషయాన్ని నమోదు చేసింది. ఆ విగ్రహం ప్రస్తుతం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

సినిమాలో మ్యూజియంలోని వజ్రం కథను నడుపుతుంది. చరిత్రలో మ్యూజియంలోని ఈ విగ్రహం అంతకంటే పెద్ద కథ చెబుతుంది. ఒక కొండకోట నుంచి రాజధానికి, శిథిలమైన రాజధాని నుంచి మహానగరపు మ్యూజియానికి అది చేసిన ప్రయాణంలో యుద్ధం, భక్తి, రాజ్యాధికారం, పురావస్తు సేకరణ అన్నీ కలిసి ఉన్నాయి.

మరి ఆ ఏడాదిన్నరలో కొండ చుట్టూ ఉన్న పల్లెల మాటేమిటి? 800 ఏనుగులకు మేత, 34 వేల మందికి తిండి, నీరు ఈ మెట్టప్రాంతంలో ఎక్కడి నుంచి వచ్చాయి? బండలు పగలగొట్టిన చేతులు ఎవరివి? కోటలో ఆకలితో ఉన్నవారిలో సైనికులు కానివారు ఎంతమంది? శాసనం దాత పేరు చెబుతుంది, రాయి కొట్టినవాడి పేరు చెప్పదు. విదేశీ వ్యాపారి సైన్యం లెక్క చెబుతాడు, పల్లెల లెక్క చెప్పడు. రాజధాని సభలో దిగిన కాలయంత్రానికి ఈ ప్రశ్నలు తట్టవు. కోట అడుగున దిగితే మొదట తట్టేవి ఇవే. స్వర్ణయుగం అన్న మాట విన్నప్పుడల్లా ‘ఎక్కడ నిలబడి చూసినవారికి?’ అని అడగడం చరిత్ర విద్యార్థి ధర్మం.

దీని అర్థం సినిమాను తక్కువ చేయడం కాదు. ఒక తరం పిల్లలకు విజయనగరం మీద, కాలం అనే భావన మీద ఆసక్తి కలిగించిన ఘనత దానికి ఉంది. అది తలుపు తెరిచింది. లోపల ఏ గదులు చూడాలన్నది మన పని.

8. భవిష్యత్తులో ఎవరుంటారు?

చిత్రంలోని 2504వ సంవత్సరం భయానకమైనది. ప్రపంచయుద్ధంలో వెలువడిన అణుధార్మికత వల్ల మనుషులు భూగర్భంలో బతుకుతుంటారు. ఇది ప్రచ్ఛన్న యుద్ధకాలపు భయం. చిత్రం విడుదలైన 1991 డిసెంబరులోనే సోవియట్ యూనియన్ రద్దయింది. ప్రతి భవిష్యత్ కథలోనూ అది రాసిన కాలపు భయాలు ఉంటాయి. వెల్స్‌కు వర్గభేదం, చాపెక్‌కు యంత్ర నాగరికత, 1980 దశకానికి అణుయుద్ధం, నేటికి నీటి కరవు, వాతావరణ మార్పు, కృత్రిమ మేధ. అందుకే పాత భవిష్యత్ కథలు చరిత్రకారుడికి మంచి ఆధారాలు. అవి రాబోయే కాలం గురించి తప్పు చెప్పినా, తమ కాలం గురించి నిజం చెబుతాయి.

నెల్లూరు జిల్లాకు భవిష్యత్తుతో మరో సంబంధం కూడా ఉంది. పడమట ఉదయగిరి ఉంటే, తూర్పు తీరాన శ్రీహరికోట ఉండేది. 2022 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో అది తిరుపతి జిల్లాలో చేరింది. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి తొలి రోహిణి సౌండింగ్ రాకెట్ ఎగిరింది. 1980 జూలై 18న ఎస్.ఎల్.వి–3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ దీవి తరతరాలుగా యానాదులకు నివాసం. రాకెట్ కేంద్రం కోసం వారు తమ చోటును వదులుకోవలసి వచ్చింది. అంతరిక్షం గురించి రాసే తెలుగు రచయితకు ఇంతకంటే దగ్గరి వస్తువు లేదు. ఆకాశానికి దారి వేసిన చోట నేల మీద దారి మారినవారి కథ అది. కుజగ్రహంలో వలస కాలనీ గురించి ఊహించే ముందు ఈ నేల మీది వలసను చూడవచ్చు.

భవిష్యత్తును ఊహించడం రచయితల సొత్తు మాత్రమే కాదు. ఉదయగిరి, ఆత్మకూరులకు చేరువలోనే, కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. 1990 దశకం తొలి సంవత్సరాల్లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా స్త్రీలు చదివిన వాచకంలో సీతమ్మ కథ ఉండేది. సారా వల్ల కుటుంబం నాశనమైన స్త్రీ, ఊరి స్త్రీలను కూడగట్టి దుకాణాన్ని మూయించడం అందులోని ఇతివృత్తం. దూబగుంట స్త్రీలు ఆ పాఠం చదివి, ‘ఇది మన ఊళ్లో ఎందుకు జరగకూడదు?’ అని ఆలోచించారు, చేసి చూపించారు. రోశమ్మ వంటివారు ముందు నిలిచిన ఆ పోరాటం 1992లో రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం అమలులోకి వచ్చింది.

సీతమ్మ కథ వైజ్ఞానిక కల్పన కాదు. కానీ ‘ఇలా కాకపోతే ఎలా ఉండేది?’ అనే ప్రశ్న ఈ ప్రక్రియకు ప్రాణం. 1905లో రుకియా ఆ ప్రశ్న వేసి స్త్రీల దేశాన్ని కల్పించింది. దూబగుంటలో కొత్తగా అక్షరాలు నేర్చిన స్త్రీలు అదే ప్రశ్న వేసి తమ ఊరిని మార్చుకున్నారు. ఉన్నది ఒక్కటే సాధ్యం కాదని నమ్మడం ఊహకు మొదటి మెట్టు. ఆ మెట్టు ఎక్కినవారికి కథకూ, కార్యాచరణకూ మధ్య దూరం తగ్గుతుంది.

9. సారాంశం

వైజ్ఞానిక కల్పన వింతను తర్కంతో నిలబెట్టే ప్రక్రియ. 19వ శతాబ్దపు యూరపులో రూపుదిద్దుకుని, అదే శతాబ్దం చివరినాటికి భారతీయ భాషల్లోకి ప్రవేశించింది. తెలుగులో దీనిని పత్రికలు, పాపులర్ సైన్స్ రచయితలు, ధారావాహిక నవలలు, సినిమాలు పోషించాయి. విమర్శ మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. అంతరిక్షయానం, ప్రళయం, యంత్రమానవుడు, కాలయానం దీని ప్రధాన ఇతివృత్తాలు. వీటిలో మన సినిమా కాలయానానికీ, అందులోనూ గతానికీ ఎక్కువ ప్రాధాన్యమిచ్చింది. ఉదయగిరిలో పుట్టిన దర్శకుడు తీసిన ‘ఆదిత్య 369’ దీనికి ఉత్తమ ఉదాహరణ. ఆ గతాన్ని ఉదయగిరి ముట్టడి ఆధారాలతో పోల్చినప్పుడు సభలో కనిపించని మనుషులు కనిపిస్తారు. భవిష్యత్ కథలనూ ఇదే దృష్టితో, అందులో ఎవరికి చోటుంది, ఎవరికి లేదు అని పరిశీలించాలి.

ముఖ్య పదాలు

అపరిచితీకరణ: తెలిసినదాన్ని కొత్తదిగా, వింతగా చూపే పద్ధతి.
కాలయంత్రం: గత, భవిష్యత్ కాలాలకు తీసుకుపోయే ఊహాయంత్రం.
స్వర్ణయుగం: అన్ని రంగాల్లో ఉన్నతమైనదిగా భావించే గతకాలం, ఆధారాలతో పరీక్షించవలసిన భావన.

నమూనా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తెలుగులో వైజ్ఞానిక కల్పన వికాసాన్ని వివరించండి.
2. ‘ఆదిత్య 369’లోని విజయనగరాన్ని, ఉదయగిరి ముట్టడి గురించిన ఆధారాలను పోల్చి చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వెర్న్, వెల్స్ దారుల మధ్య భేదం ఏమిటి?
2. పాత భవిష్యత్ కథలు చరిత్రకారుడికి ఎలా ఉపయోగపడతాయి?

III. క్షేత్రకృషి
మీ ఊరిలో కోట, చెరువు, ఆనకట్ట, గుడి వంటి పాత నిర్మాణం ఒకదాన్ని ఎంచుకోండి. దాని గురించి శాసనం లేదా పుస్తకం చెప్పేది ఒక పేజీలో రాయండి. ఊరి పెద్దలు చెప్పేది మరో పేజీలో రాయండి. ఆ రెండింటిలోనూ లేని ఒక మనిషి వైపు నుంచి, ఆ నిర్మాణం జరిగిన కాలంలో ఒక రోజును మూడవ పేజీలో ఊహించి రాయండి. మొదటి రెండు పేజీలకు విరుద్ధమైనదేదీ మూడవ పేజీలో ఉండకూడదు.